కట్టు విప్పేదాకా

దారం మోసే నాడె మగ్గంలో ఎడమ వైపు చేరగానే సీతారాములు కాలు ఆపాడు. మగ్గం గుంటలో నడుము దాకా కూరుకుపోయిన మనిషి. పైన కనిపించేది బట్టతల, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు, ఏనాడో ఎక్కిన ఎర్ర రంగు దిగనని మొండికేసిన పది వేళ్లు.

"ఇంకోటి చదువు కోడలా."

గట్టు మీద కూర్చున్న ప్రవళిక ఆయన అక్క కూతురు. ఇవాళ పది గంటలకు నల్లగొండలో ఆమెకు ఎంబీఏ ప్రవేశ పరీక్ష. పుస్తకంలోని ఇంగ్లీషు ప్రశ్నను మామ కోసం తెలుగు చేసి చదివింది. ఒక ఊళ్లో గొర్రెలకు టీకాలు వేశారు. ఆ నెలలో ముప్పై చచ్చిపోయాయి. కాబట్టి టీకానే కారణం. ఈ వాదనను బలహీనపరిచే మాట ఏది?

"ముందు నెల ఎన్ని సచ్చినయో చెప్పిండ్రా?"

"సీ అనే జవాబుల ఉంది. అరవై అంట. నేను బీ అనుకున్న మామా. డాక్టరుకు ఇరవై ఏండ్ల అనుభవం అని ఉంది."

"ఇరవై ఏండ్లు చేసినోడు తప్పు చెయ్యడా? నేను నలభై ఏండ్ల సంది నేస్తున్న, మొన్న ఏనుగు తలకిందులు కాలేదా? పాపం అది ఇంకా చీరల అట్లనే నడుస్తాంది!"

పక్కన నూలు కండెలు చుడుతున్న లీలమ్మ, "గా చీర ఎవరు కట్టుకుంటరో ఏమో," అని మొగుణ్ని ఓ చూపు చూసింది.

ప్రవళికకు లెక్కలు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. నిరుడు దెబ్బ తీసినవి ఈ ప్రశ్నలే. రాసి ఉన్నదానికి తన వైపు నుంచి ఏదో ఒకటి కలిపేది. ఈసారీ సీటు రాకపోతే నార్కట్‌పల్లి బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి పోవాలని తనకు తానే తీర్మానించుకుంది.

సీతారాములు ఏడో తరగతి తప్పాడు. కానీ ఊరందరినీ ఆటపట్టించడంలో ఆయనకొక నియమం ఉంది. అబద్ధం చెప్పడు. పక్కింటి వెంకటయ్యతో ఓ రోజు, "నీ ఇంటి ముందర ఆఫీసరు జీపు ఆగింది," అన్నాడు. వెంకటయ్య ఇంటికి పరుగెత్తి, ఉతికిన అంగీ తొడిగి, కుర్చీ తుడిచి, చాయ్ పెట్టించాడు. జీపుకు పంక్చరైంది. "నీ కోసం వచ్చిండని నేనన్ననా? నువ్వే కలుపుకున్నవ్!" అని సీతారాములు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజే ప్రవళిక పుస్తకం తెచ్చి ఆయన ముందు కూర్చుంది.

పుస్తకం చివరి జవాబుల పేజీలను ఆయన సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీతో కట్టేశాడు. రంగు అంటకూడని చోట నూలుకు చుట్టే పట్టీ అది. "రంగుల ముంచకముందే కట్టు విప్పితే నూలు ఖరాబైతది. పరీక్ష రాసినంకనే విప్పు."

ఈ తెల్లవారుజామున మాత్రం తనే ఒకసారి విప్పాడు. నిన్న దవాఖానలో రాసిచ్చిన చీటీ ఆ పేజీల మధ్య పెట్టి, మళ్లీ కట్టాడు. గుండె బాగాలేదు, వెంటనే చేరాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట చెబితే ఈ పిల్ల పరీక్షకు పోదు. పదకొండింటికి రమ్మని ఆటో విజేందర్‌కు చెప్పి పెట్టుకున్నాడు. పిల్ల పరీక్షలో కూర్చున్నాక తనూ లీలమ్మా పోతారు. అప్పటిదాకా లీలమ్మకూ తెలియనక్కర్లేదు.

ప్రవళిక సంచి సర్దుకుంటూ ఆగింది. "నిన్న దవాఖానల ఏమన్నరు మామా?"

"మంచిగ చూసిండు. మిషన్ పెట్టిండు. గోలీలు రాసిచ్చిండు, ఏసుకున్న. ఈ మంచం మీద పండుకొని గింత నవ్విన మనిషిని చూడలేదన్నడు."

అన్నీ నిజాలే. ఆమె ముఖం తేటపడింది. మిగతాది తనే కలుపుకుంది. ఇన్నేళ్లలో మొదటిసారి, ఒకరు తన మాటల్లో పడితే సీతారాములుకు నవ్వు రాలేదు.

"పోయిరా బిడ్డా. ఏం కలపకు. ఉన్నదే చూడు."

ఆమె మలుపు తిరిగేదాకా చూసి గుంటలోకి దిగాడు. చీరలో ఒక వరుస పువ్వులు సగంలో ఉన్నాయి. వాటిని మూసేస్తే చాలు. ఒక్కో పోగును సూదితో జరిపి, అంచులు కలిసేలా సర్ది, కాలి కింది పలక తొక్కాడు. ఎడమ భుజం బరువెక్కింది. ఇంకో పోగు. పువ్వు కొస కలిసింది. "లీలా, ఉతికిన అంగీ తియ్యి," అన్నాడు. ఆమె లోపలికి పోయింది.

పదకొండింటికి విజేందర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లోపలికి వచ్చి చూస్తే మగ్గం మీద తల వాల్చి ఉన్నాడు సీతారాములు. ఎన్నిసార్లు ఆటపట్టించలేదు ఈ మనిషి! "లే మామా, నీ ఆటల నేను పడ," అని నవ్వుతూ భుజం తట్టాడు.

పరీక్ష హాలు నుంచి ప్రవళిక తేలిగ్గా నడిచి వచ్చింది. ఈసారి దేనికీ ఏమీ కలపలేదు. గేటు దగ్గర పుస్తకం తీసి, రబ్బరు పట్టీని పళ్లతో తెంపింది. చీటీ జారిపడింది. డాక్టరు రాతలో ఒక తేదీ, నిన్నటిది. వెంటనే చేర్పించాలని ఇంగ్లీషులో రాసి రెండు గీతలు గీసి ఉంది. కింద వంకర తెలుగులో, "అబద్ధం చెప్పలే కోడలా. దవాఖానకే రా." పక్కన ఎర్ర వేలిముద్ర.

పక్కనున్న అమ్మాయి ఫోను అడిగి ఇంటికి చేసింది.

"ఏ దవాఖాన అత్తా? మామ ఎట్లున్నడు?"

"నువ్వు ఇంటికి రా బిడ్డా," అంది లీలమ్మ.

ఇంటికి రమ్మంది. దవాఖానకు కాదు. చెప్పకుండా వదిలేసిన మాటను ప్రవళిక ఈసారి తప్పు లేకుండా అందుకుంది.

బస్సులో ఆమె పిడికిలి విప్పి చూసింది. తెగిన రబ్బరు పట్టీ అరచేతిలో ముడుచుకుని ఉంది, పైన రంగుల మరకలు, లోపలి వైపు ఏ రంగూ అంటని నలుపు.