ఒడ్డుకు రాని వాలుగ

గాలానికి కోడిపేగును చుట్టి, జారిపోకుండా సన్నదారంతో కట్టి, బుడేన్ సాహెబ్ లేచి నిలబడ్డాడు. మోకాళ్లు పటపటమన్నాయి. కర్రను భుజం మీదుగా వెనక్కి తీసుకుపోయి ఒక్క ఊపున విసిరాడు. రీలు గిర్రున తిరిగింది, సీసం గుండు దూరంగా కృష్ణ నీళ్లలో బుడుంగుమని పడింది. దారం బిగించి, కర్ర మొదలును రెండు రాళ్ల మధ్య దోపి, చేతులు లుంగీకి తుడుచుకుని మళ్లీ కూర్చున్నాడు. ఇక చేయాల్సిందల్లా కాచుకోవడమే. ఆ పని ఆయనకు బాగా అలవాటు.

గట్టు మీద లేవి తన ఆటో వెనక చక్రంతో కుస్తీ పడుతున్నాడు. ఇద్దరిదీ నందికొట్కూరే, ఇద్దరికీ అరవై దగ్గర పడ్డాయి. ఏళ్ల తరబడి ప్రతి శుక్రవారం తెల్లవారకముందే లేవి బుడేన్‌ను ఈ డ్యాం వెనకనీళ్ల ఒడ్డున దింపి, చుట్టుపక్కల పల్లెల బేరాలకు పోతాడు. జుమ్మా నమాజు వేళకు వచ్చి ఎక్కించుకుపోతాడు. ఈ రోజు చక్రం పంచరై, దాన్ని మార్చేసరికి తొలి బేరాలన్నీ వేరే ఆటోలు ఎగరేసుకుపోయాయి. ఇప్పుడు పోయి చేసేదేముందని భార్య ఏసుమణి ఇచ్చిన టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి బుడేన్ పక్కన రాయి మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లలో లేవి ఏటి ఒడ్డున కూర్చోవడం అదే మొదలు.

"ఇట్లే ఊరికే కుచ్చోనుంటావా అప్పా, పొద్దంతా?" అన్నాడు కాసేపటికి.

బుడేన్ కర్ర కొన మీంచి చూపు తిప్పలేదు. ఆయనకు ఊరికే కూర్చోవడం కొత్తా? బతుకంతా అదే కదా. తండ్రి ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవాడు. బుడేన్ ఆ పని చేతికి పట్టుబడేలా నేర్చుకునేసరికి ఊళ్లో అందరూ స్టీలు గిన్నెలు కొన్నారు. కిరసనాయిలు స్టవ్వులు బాగుచేయడం నేర్చుకున్నాడు, ఇంటింటికీ గ్యాసు వచ్చింది. ఇప్పుడు బజారు మూల రేకుల బంకులో కుక్కర్లకు పిడులు, వాచర్లు వేస్తున్నాడు, జనం పాతది పారేసి కొత్తది కొనడానికి అలవాటు పడ్డారు. ఏ పని నేర్చినా దానికి కాలం చెల్లే వేళకే నేర్చాడు. భార్య అబీదా బీ దీన్ని నసీబు అంటుంది. బుడేన్ ఆ మాట వింటే మండిపడతాడు, ఎందుకంటే తన మనసులోనూ ఉన్నది అదే మాట.

చేపల దగ్గరా అదే వరస. చిన్నాచితకా చేపలు పడతాయి, ఇంటికి తెస్తాడు, అబీదా పులుసు పెడుతుంది. దానికేం లోటు లేదు. కానీ పెద్ద వాలుగ పడిందంటే ఒడ్డుదాకా రాదు. ఒకసారి గాలం నిటారుగా సాగిపోయింది. ఒకసారి వెదురు కర్ర నడిమికి విరిగింది. కడపలో ఉండే అల్లుడు అన్సార్ ఈ రీలు కర్ర కొనిచ్చాక ఇక తిరుగులేదనుకున్నాడు, అదే ఏడు రెండు తప్పించుకున్నాయి. ఊళ్లోకి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పేవాడు. దాని తోక చూశానప్పా, ఇంత వెడల్పు ఉందని చేతులు చాచి చూపేవాడు. టీ కొట్టు ఓబన్న ఒకరోజు "తోక సాయిబు వచ్చినాడు, టీ పోయండ్రా" అన్నాడు. అంతే, ఆ పేరు అంటుకుంది. కుక్కరు ఇవ్వడానికొచ్చే పిల్లలు కూడా తోక సాయిబు బంకు ఏదని అడుగుతారు. చుట్టం పెళ్లిలో పంక్తిలో కూర్చుంటే ఎవరో చేప తల వడ్డించి, "ఈసారి తల చూడు సాయిబూ" అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వింది. బుడేన్ ఆ రోజు అన్నం ముట్టకుండా లేచిపోయాడు.

ఆయనకు కావలసింది పెద్దదేమీ కాదు. ఒక్క వాలుగను ఆటోలో వేసుకుని బజారు నడిమధ్య దించాలి. ఓబన్న టీ గరిటె వదిలేసి బయటికి రావాలి. ఆ తర్వాత జన్మలో గాలం ముట్టకపోయినా ఫరవాలేదు.

ఎండ చురుక్కుమనే వేళ కర్ర కొన రెండుసార్లు వణికి ఊరుకుంది. లేవి ఏదో అనబోతే బుడేన్ చేత్తో వారించాడు. వాలుగ ఎరను నోట కరచుకుని కొంత దూరం పోయాక మింగుతుంది, తొందరపడితే గాలం ఊడి వచ్చేస్తుంది. దారం మెల్లగా పక్కకు జరుగుతోంది. బుడేన్ కర్రను రాళ్ల మధ్య నుంచి తీశాడు, మనసులో బిస్మిల్లా అనుకున్నాడు, రెండు చేతులా పైకి గుంజాడు.

అవతల నుంచి బండెద్దు లాగినట్టు లాగింది. రీలు కీచుమంది. బుడేన్ మడమలు మట్టిలో దిగబడ్డాయి. రీలు బిగువు కొంచెం సడలించాడు. బిగిస్తే దారం తెగుతుంది, మరీ వదిలేస్తే చేప ఎక్కడికైనా పోతుంది. డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరి మొండిగోడలు, తుమ్మమోట్లు ఆ నీళ్లడుగున అలాగే ఉన్నాయి. చేప వాటిలో దూరిందంటే అయిపోయినట్టే. అందుకని పోనిస్తూనే పక్కకు తిప్పాలి. కర్రను పైకెత్తడం, దించేటప్పుడు గబగబా నాలుగు చుట్లు చుట్టుకోవడం, అది మళ్లీ పరుగెత్తితే చుట్టుకున్నదంతా ఇచ్చేయడం. ఇలా ఎంతసేపు సాగిందో! కర్ర మొదలు గుచ్చుకుని పొట్ట కమిలిపోయింది, మోచేతులు కరెంటు పట్టుకున్నట్టు వణికాయి, చెమట కళ్లలోకి కారితే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. లేవి తన తువ్వాలుతో ఆయన మొహం తుడిచాడు, ఫ్లాస్కు మూతతో ఏటి నీళ్లు ముంచి తాగించాడు.

ఒడ్డుకు ఇరవై గజాల్లో చేప పైకి తేలింది. వెడల్పాటి తల, పొడుగాటి మీసాలు, వెండి పక్క ఒక్కసారి ఎండలో మెరిసి పొర్లింది. మూడు మూరలకు తక్కువుండదు. లేవి నీళ్ల అంచు దాకా దిగి చూశాడు.

"అబద్దం కాదు కదప్పా ఇది," అన్నాడు నెమ్మదిగా. "ఇన్ని దినాలూ నువ్వు నిజమే చెప్తాంటివే."

అంటే ఇన్నేళ్లూ వీడూ నమ్మలేదన్నమాట! ఆ మాట బుడేన్‌కు ముల్లులా దిగింది. కానీ అప్పుడు అలిగే తీరిక లేదు. చేప అలసిపోయింది, చుట్టినకొద్దీ సులువుగా వస్తోంది. పది గజాలు. అంతలో అది ఆఖరుసారి బలం తెచ్చుకుని ఎడమకు తిరిగింది. ఎడమవైపు నీళ్లపైకి తుమ్మమోటు ఒకటి నల్లగా పొడుచుకు వచ్చి ఉంది. బుడేన్ కర్రను కుడికి వంచాడు, తిప్పగలననే అనుకున్నాడు. లేవి అనుకోలేదు. ప్యాంటుతోనే నడుములోతు నీళ్లలోకి దూకి, దారాన్ని అరచేతికి చుట్టుకుని గుంజాడు.

చేతిలో ఉన్న దారం సాగదు, రీలులా పోనివ్వదు. టప్పుమంది. కర్ర నిటారుగా లేచి నిలబడింది. నీళ్లు గుండ్రంగా కదిలి సర్దుకున్నాయి.

లేవి అరచేయి పట్టుకుని ఒడ్డెక్కాడు. వేళ్ల మధ్య నుంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది.

"మోట్లలోకి పోతాందని..." అన్నాడు.

బుడేన్ రీలు చుట్టుకుంటూ మాట్లాడాడు, అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఇన్ని ఏండ్లకు ఒక్క దినం ఉండావు నా ఎంట. ఆ ఒక్క దినమూ నా చేప పాయ. ఇంగ నాకు నీ మొగం చూపియ్యాకు."

లేవి తువ్వాలు చేతికి చుట్టుకుని, ఆటో దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. బుడేన్ అటు తిరగలేదు. కర్ర భుజాన వేసుకుని రోడ్డెక్కి, వచ్చిన బస్సు ఎక్కాడు. మసీదు చేరేసరికి ఖుత్బా ప్రసంగం అయిపోవచ్చింది, చివరి వరసలో చోటు దొరికింది. సజ్దాలో నుదురు ఆనించినా కళ్ల ముందు ఆ వెండి పక్కే పొర్లింది. నమాజులో ఇదేం ధ్యాసని తన మీద తనకే రోత పుట్టింది.

ఇంట్లో అబీదా ఏమైందని అడిగితే కర్రను మూలకు విసిరేశాడు. రెండు ముద్దలు తిని బంకు తెరిచాడు. కుక్కరు మూతకు వాచరు ఎక్కిస్తుంటే వేళ్లు మూసుకోవు, తెరుచుకోవు. స్క్రూ చేతిలోంచి జారి కాలవలో పడింది. పిడి విరిగిన కుక్కరు కోసం వచ్చిన జీవమ్మ నిలబడి చూసి, ఎప్పుడూ లేనిది, చేతులకు నొప్పిగా ఉంటే రేపు తీసుకుంటాలే అంది. ఈమెకెలా తెలిసింది? దారిన పోయే ఇద్దరు ఆగి ఆయన చేతులకేసి చూసి పోయారు. ఎగతాళికి కొత్త దారి కనిపెట్టారనుకుని బుడేన్ పళ్లు కొరుక్కున్నాడు. అంతలో ఓబన్న స్వయంగా టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

బుడేన్‌కు ఒళ్లు మండింది. ఏమన్నా అను, ఆ పేరు మాత్రం ఎత్తావో సుత్తితో కొడతానన్నాడు. ఓబన్న నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"లేవి చెప్పినాడులేప్పా. చెయ్యి గూడ చూపిచ్చినాడు, దారం ఎముక దాకా కోసిండాది. నాలుగు మూరలంట కదా. నీ తప్పు రవ్వంత లేదు, నేనే పాడు చేస్తి అని స్టాండంతా చెప్పుకుంటాండాడు." ఓబన్న బల్ల అంచు గీకుతూ అన్నాడు: "శానా దినాలు నగితిమి నిన్ను. మనసులో పెట్టుకోవాకు."

అతను పోయాక బుడేన్ టీ తాగకుండా కూర్చున్నాడు. సంతోషం వచ్చింది, అబద్ధమెందుకు. వచ్చిన మరుక్షణమే సిగ్గేసింది. తనేం చెప్పాడు లేవికి, లేవి ఏం చెబుతున్నాడు ఊరికి! కుడికి వంచిన కర్ర బరువు చేతులకు మళ్లీ గుర్తొచ్చింది. నిజం చెప్పుకోవాలంటే చేప తిరగలేదు. లేవి పట్టుకున్నా పట్టుకోకపోయినా ఆ మోటుకు చుట్టుకుని దారం తెగేదే. ఆ సంగతి అక్కడే, రీలు చుట్టుకుంటున్నప్పుడే తనకు తెలుసు. తెలిసే ఆ మాటన్నాడు. ఎందుకన్నాడంటే, ఒక్కసారైనా తప్పు నసీబుది కాకుండా ఒక మనిషిది కావాలనిపించింది.

పనిలో కాలినా తెగినా చేతులకు రాసుకునే మందు జేబులో వేసుకుని, పొద్దుండగానే బంకు మూశాడు. ఏమని మొదలుపెట్టాలా అని దారంతా వెతుక్కున్నాడు. క్షమించమనడం వాళ్లిద్దరి మధ్య ఎన్నడూ లేదు. చెయ్యి చాపు, మందు పెడతానంటే సరిపోతుంది. మిగతాది వాడికి అర్థమవుతుంది.

స్టాండులో ఆటోలు కదలకుండా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లంతా ఒకచోట గుమిగూడారు. లేవి పక్కన బండి పెట్టే ఏసుకుమార్ బుడేన్‌ను చూసి ముందుకు వచ్చాడు.

"లేవన్న తినేసి ఎనక సీట్లో పండుకున్యాడు మామా. బేరమొచ్చిందని లేపితే లేయలే. ఆస్పత్రికి తీసకపాయినాము. గుండె ఆగి శానా సేపాయ అన్యారు. ఇప్పుడే ఇంటికి తీసకపాయిరి, ఏసుమణక్క దగ్గరికి."

బుడేన్ పక్కనున్న ఆటో కడ్డీ పట్టుకున్నాడు. మొగం చూపియ్యాకు అన్న మాట చెవుల్లో తన గొంతుతోనే వినిపించింది. ఎవరో కూర్చోమన్నారు. కూర్చోలేదు.

అప్పుడు చూశాడు, తను పట్టుకున్నది లేవి ఆటోనే. దాని పక్కన నల్ల రేకు మీద సుద్దముక్కతో గీసిన రెండు నిలువు గీతలు ఉన్నాయి, ఒకటి ముందు చక్రం దగ్గర, ఒకటి వెనక చివర.

"చేప అంతుంటాదని మేము నమ్మకపాయినాము మామా," అన్నాడు ఏసుకుమార్. "ఈడికి తల, ఈడికి తోక అని గీసి చూపిచ్చినాడు."

ఓబన్న కూడా అక్కడికి వచ్చి ఉన్నాడు. ఆ గీత నుంచి ఈ గీతకు కళ్లతోనే కొలిచి, బుడేన్ వైపు తిరిగాడు. "నిజంగా ఇంతుండెనా?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు.

బుడేన్ చూశాడు. ఏటి చేప మూడు మూరలే. ఇది నాలుగుకు పైనే ఉంది. ఇన్నేళ్లూ ఆయన వేలెడు కూడా పెంచి చెప్పలేదు, ఒక్కరూ నమ్మలేదు.

"ఉండె," అన్నాడు.

ఆటోను ఇంటి దగ్గర పెడదామని ఏసుకుమార్ సీటు కింద తడిగుడ్డ తీసి రేకు తుడవబోయాడు. బుడేన్ అతని చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. అందరూ తమ ఆటోల్లో ఏసుమణి ఇంటికి బయలుదేరాక, ఖాళీ స్టాండులో లేవి ఆటో మాత్రం మిగిలింది, నల్ల రేకు మీద ఆ రెండు తెల్లగీతలతో.