గింత అంటే ఎంత

వెంకటనారాయణగారిదీ నాదీ ఒకటే వ్యాపారం: రాయి. ఆయనది తిరిగే రాయి, నాది తిరగరాయి. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయనకు పిండి గిర్నీలు తయారుచేసే షెడ్డు ఉంది. బీరంగూడలో నాకు కరపత్రాలు రాసి అచ్చేసే దుకాణం ఉంది. ఆయన రాయికి గంట్లు పెట్టిస్తాడు, నా రాతకు గాట్లు పెడతాడు. పదిహేనేళ్లుగా మా స్నేహం ఇలా నలుగుతూనే ఉంది.

నిరుడు ఆయన తన గిర్నీల మీద ఒక వీడియో తీయించాడు. నగరం నుంచి వచ్చిన కుర్రాళ్లు పిండి చూపించి డబ్బు పిండుకుని, పదకొండు నిమిషాల బొమ్మ చేతిలో పెట్టి వెళ్లారు. అందులో డ్రోన్ ఎగిరింది. షెడ్డు రేకుల మీద సూర్యోదయం అయింది. వెనక వేణువు మోగింది. డ్రోన్ ఎగిరింది గానీ చూసేవాళ్ల లెక్క ఎగరలేదు. మూడు నెలల్లో మూడు వందల పన్నెండు దగ్గర ఆగింది. అందులో సగం వెంకటనారాయణగారి సొంత ఫోనే అని వాళ్లావిడ సావిత్రమ్మగారు నలుగురిలో చెప్పేది.

అప్పుడు రంగంలోకి దిగింది వాళ్లమ్మాయి యామిని. చదువు ముగించుకొని తండ్రి ఆఫీసులో కొత్తగా కూర్చుంటోంది.

"వీడియో చెడ్డది కాదు నాన్నా, మస్తు పెద్దగున్నది. జొన్నలు బస్తాతోని తింటమా? పిండి పడుతం, రవ్వ పడుతం. గట్లనే దీన్ని కూడా గిర్నిల వెయ్యాలె. ఫోన్ల కోసం చిన్న ముక్కలు, వాట్సాప్‌కు ఆడియో, గోడకు కాగితం."

"గింజ ఒకటే గద బిడ్డా, మల్ల మల్ల అదే తినవెడితె ఒప్పుకుంటరా?" అన్నాడు తండ్రి.

"రొట్టె తిననోడు రవ్వతోని గట్క వండుకొని తింటడు."

మొత్తం పదకొండు నిమిషాల్లో గింజ ఉన్నది యాభై సెకన్లలోనే అని యామిని పట్టేసింది. ఆ యాభై సెకన్లలో మల్లయ్య ఉన్నాడు.

మల్లయ్యది కొండాపూర్ మండలం. అన్నదమ్ములు పొలం చూసుకుంటుంటే తను ఇరవై ఆరేళ్ల కిందట ఈ షెడ్డులో ఫిట్టరుగా చేరాడు. ఏ ఊళ్లో గిర్ని సణిగినా షెడ్డు మోపెడ్ మీద వెళ్లి, రెండు రాళ్ల మధ్య సందు సరిచేసి వస్తాడు. రాళ్లు మరీ దగ్గరైతే పిండి కాలుతుంది, దూరమైతే రవ్వలా పడుతుంది. కాపురాలు కూడా ఇంతే కదా అని నేనంటే, "నువ్వు రాళ్ల సంగతి మాట్లాడు కామరాజన్నా, మా ఇంట్ల వింటరు" అనేవాడు. వీడియోలో అతను గిర్ని పక్కన ఆ సందు మార్చే చక్రాన్ని తిప్పుతూ చెప్పే మాటల్ని ఆడియోగా కత్తిరించి, నాతో కాగితంగా రాయించి, ప్రతి గిర్నీ గోడకూ అంటించాలని యామిని పథకం.

వెంకటనారాయణగారు సంబరపడ్డాడు. "ఇగ మల్లయ్య ఎండల ఊర్లు తిరిగే పని లేదు. గోదాంల ఫ్యాన్ కింద కూసోని సామాన్ చూసుకుంటడు."

ఆయన దయతోనే అన్నాడు. మల్లయ్య మాత్రం బయటికొచ్చి మోపెడ్ సీటు మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు. ఆ సీటు మీద దుమ్ము లేదు.

"ఫ్యాన్ కింద కూసుంటె గాలొస్తది అన్నా. మనుషులు రారు గద. నేను పోతె చాయ్ వోస్తరు, ముచ్చట వెడ్తరు, బిడ్డ పెండ్లికి పిలుస్తరు. గోదాంల బోల్టులు పిలుస్తయా?"

ఆడియో ముక్కను ఫోనులో వేసుకొని నేను దుకాణానికి వచ్చాను. 

ఆడియో విని రాయడానికి కూర్చున్నాను. "ఒక్క అక్షరం మార్చొద్దు అంకుల్, మల్లయ్య కాక మాటలే మన బ్రాండ్" అని యామిని గట్టిగా చెప్పింది. మార్చలేదు. అచ్చంగా ఇలా అచ్చేశాను: "పిండి కాలుతుంటే చక్రం గింత గిట్ల తిప్పాలె. సప్పుడు గట్ల వచ్చిందాక ఆగాలె." పక్కన మల్లయ్య నవ్వుతున్న ఫొటో. ఆ కాగితాన్ని నేను చదివాను, యామిని చదివింది, వెంకటనారాయణగారు కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివాడు. ముగ్గురికీ బ్రహ్మాండంగా అర్థమైంది. ఎందుకు కాదు? ముగ్గురమూ వీడియో చూసినవాళ్లమే. అక్షరాల వెనక మల్లయ్య చెయ్యి మా కళ్లకు కదులుతూనే ఉంది. రెండు వేల కాగితాలు ఊళ్లకు వెళ్లిపోయాయి.

నాలుగో రోజు నుంచి మల్లయ్య ఫోను కాలడం మొదలుపెట్టింది.

"మల్లన్నా, గింత అంటె ఎంత?"

"గిట్ల అంటె ఎట్ల? నా దిక్కా, గోడ దిక్కా?"

"భయ్యా, కాగజ్ మే క్యా లిఖా హై?" అని భానూర్ నుంచి ఒక బీహారీ గిర్నీవాలా, కాగితంలో ఏం రాసుందో చదవలేక.

వెంకటనారాయణగారు మురిసిపోయాడు. "సూసినవా కామరాజూ, కాగితం వోయినంక ఎన్ని ఫోన్లో!" జనం స్పందిస్తున్నారని యామిని కూడా లెక్క రాసుకుంది. మల్లయ్య అయితే మోపెడ్‌కు ట్యాంకు నింపించి మళ్లీ ఊళ్లు పట్టాడు. మొహం కొత్త రాయిలా మెరుస్తోంది. నాకు అనుమానం వచ్చింది.

"ఏం మల్లయ్యా, ఇందులో లొసుగు నీకు ముందే తెలుసా?"

"ముందు తెల్వదు, ఒట్టు." చెవి గోక్కున్నాడు. "తెలిసినంక చెప్పలే. నువ్వు గూడ చెప్పకు అన్నా. జెర కొన్నొద్దులు నడువనియ్యి."

చెప్పలేదు. కరపత్రం అని పేరు పెట్టుకొని కరమే లేకుండా అచ్చేసినవాణ్ని నేనే కదా, ఏ మొహంతో చెప్పను?

ఆ మరుసటి వారం ముత్యమ్మ వచ్చింది. కొండాపూర్ దగ్గర పల్లెలో భర్త పోయినప్పటినుంచీ గిర్ని నడుపుకుంటోంది. షేర్ ఆటో దిగి, ఒళ్లో పెట్టుకొచ్చిన స్టీలు డబ్బా మూత తీసింది. జొన్నపిండి గోధుమరంగుకు తిరిగి ఉంది. మాడు వాసన షెడ్డంతా పాకింది.

"ఏందక్కా ఇది?" అన్నాడు మల్లయ్య.

"పిండి జెర వెచ్చగస్తున్నదని కాగితం సూసి తిప్పిన తమ్మి. గింత అంటె ఒక చుట్టు అనుకున్న. గిట్ల అంటె నా దిక్కు అనుకున్న. రాళ్లు వట్టుకున్నయి. పై రాయి పెచ్చు లేసింది. వాడకట్టోల్ల జొన్నలు మాడినయి. నా ఇంట్లయి తీసి పోసిచ్చిన."

"మరి ఫోన్ చెయ్యకపోయినవా? అందరు చేస్తున్నరు గద!"

ఆమె వింతగా చూసింది. "ఎందుకు చెయ్యాలె? కాగితం మీద నీ పటమున్నది. నువ్వే వచ్చి చెప్పినట్టు అనిపిచ్చింది. నువ్వు చెప్పినంక మల్ల అడుగుతమా?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే మల్లయ్య తట్టుకునేవాడు. డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత నేరుగా ఆఫీసులోకి నడిచాడు.

"యామినమ్మా, తప్పు నాది. కాగితం ఎవలకు సమజ్ కాలేదని వారం కింద్నే ఎరుక నాకు. మోపెడ్ పోతదని చెప్పలే. మల్ల రికార్డు చెయ్యి."

వెంకటనారాయణగారు నోరు తెరిచాడు. యామిని తండ్రి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. కొత్త రాయి ముత్యమ్మతో పాటు ఆటోలో పంపించమని మాత్రం ఆయన ఒక మాట అన్నాడు. ఆ వెంటనే యామిని ఒక షరతు పెట్టింది.

"కాకా, నువ్వు గోడ దిక్కు తిరిగి నిలవడు. చేతులు ఎనకకు కట్టుకో. ముత్యమ్మత్తా, నువ్వు ఈ గిర్ని కాడ నిలవడు. కాక చెప్పింది చెప్పినట్టు చెయ్యి, ఎక్కువ చెయ్యకు."

మల్లయ్య గోడకు చెప్పడం మొదలుపెట్టాడు. "చక్రం వట్టుకో అక్కా. గింత..."

"ఎంత?"

"అరె, గింత!" వెనక కట్టుకున్న చేతులు రెండూ గాలానికి పడ్డ చేపల్లా గిలగిలలాడాయి.

"నీ నడుము కనవడ్తున్నది తమ్మి, గింత కనవడ్తలేదు."

అందరం నవ్వాం. మల్లయ్య నవ్వలేదు. కళ్లు మూసుకున్నాడు. లోపల చక్రం పట్టుకొని తిప్పుకుంటున్నట్టున్నాడు. చెమట పట్టింది. అప్పుడు మాట బయటికొచ్చింది.

"చక్రం నెత్తిమీద సుద్దతోని చుక్క వెట్టు. వెట్టినవా? ఇప్పుడు ఆ చుక్క నీ ఎడమచెయ్యి దిక్కు దిగాలె. గడియారంల పన్నెండు కాడికెల్లి తొమ్మిది కాడికి, ఉల్టా. ఆడ ఆపు. పావు చుట్టు." అంతలోనే గోడతో అన్నాడు. "ఓరి, పావు! ఇరవై ఆరేండ్ల సంది తిప్పుతున్న, పావని నాకే ఎరుక లేదు."

"ఆపిన తమ్మి."

"పిడికెడు జొన్నలు వెయ్యి. పిండి అరచేతుల వట్టు. పసిపిల్ల నుదురు లెక్క గోరువెచ్చగుంటె మంచిదే. చాయ్ గిలాస లెక్క చురుక్కుమంటె ఇంకో పావు."

ముత్యమ్మ పట్టి చూసింది. వెళ్లి, గోడకు తిరిగి ఉన్న మల్లయ్య కట్టుకున్న చేతుల్లో ఆ పిండి పోసింది. మల్లయ్య వేళ్లు దాన్ని గుర్తుపట్టాయి.

ఆ మాటల్నే ఆడియో చేశారు. కాగితానికి నేను చుక్కతో సహా చక్రం బొమ్మ గీసిచ్చాను. అచ్చుకు పంపేముందు మల్లయ్యను ఒక్కసారి అడిగాను.

"ఇది అందరికీ అర్థమవుతుంది మల్లయ్యా. నీ ఫోను ఇక మోగదు."

"మోగకుంటె మోగకపోని. జొన్నలైతె మాడవు గద."

కొత్త కాగితాలు వెళ్లాయి. పాతవి గోడల మీంచి దిగాయి. మల్లయ్య గోదాములో ఫ్యాన్ కింద కూర్చున్నాడు. ఫోను బోల్టుల డబ్బా మీద పెట్టుకొని సోమవారం చూశాడు, మంగళవారం చూశాడు. బ్యాటరీ వంద శాతం. బుధవారం మధ్యాహ్నం నేను బిల్లు పుస్తకాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు మోగింది. ఒక్క దూకులో అందుకున్నాడు.

"అక్కా! ఏమైంది? పిండి కాలుతున్నదా? సప్పుడు మారిందా?"

అవతల ముత్యమ్మ గొంతు నాకూ వినిపించింది. "ఏం కాలేదు తమ్మి. కొత్త రాయి మంచిగ నడుస్తున్నది. గది చెప్పుదమనే చేసిన. రొట్టెలు చేస్తున్న, వస్తవా?"

మల్లయ్య ఫోను చెవికి ఆనించుకొనే ఉన్నాడు, అవతల పెట్టేసిన తర్వాత కూడా. ఆఫీసు గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"సేట్, కొండాపూర్ దిక్కు పోయొస్త."

వెంకటనారాయణగారు తలెత్తాడు. "ఏం ఖరాబైంది?"

"ఏం కాలే."

ఆయన కూతురి వంక చూశాడు. యామిని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన సొరుగు తెరిచి మోపెడ్ తాళాలు తీసి బల్ల మీదుగా విసిరాడు.

"ఏం కాలేదా? మరి గట్లనే ఉండాలె గద. పో, పోయి సూసిరా. జల్దీ రాకు."