కుదుపు ఎవరిది?

పికప్ బండికి మనసంటూ ఒకటి ఉంటుందని అద్దాలాయన ఎన్నడూ నమ్మలేదు. నమ్మకపోయినా, ఈమధ్య దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆక్సిలరేటర్ మీద కాలు ఆనించగానే ఆ పాత బండి ముందుకు ఉరికేది, అంతలోనే ఊపిరి బిగబట్టినట్టు ఆగేది, మళ్ళీ ఉరికేది. ఎక్కిళ్ళు వచ్చిన మనిషికైతే మంచినీళ్ళు ఇవ్వవచ్చు. బండికి ఏమివ్వాలో ఆయనకు తెలియలేదు.

ఆలుమగలది అద్దాల దుకాణం. కోయడం ఆమె పని, చేరవేయడం ఆయన పని. దించేచోట అద్దాన్ని రెండో వైపు పట్టుకోవడానికి ఆమె కూడా బండెక్కేది. పోయిన వారం ఆ కుదుపులకు ఒక నిలువుటద్దం దారిలోనే పగిలింది. రేపు పొద్దున సెలూన్‌కు గోడంత అద్దం వెళ్ళాలి.

"సాయంత్రంలోగా ఈ కుదుపు పోవాలి. పోలేదా, రేపటికి కిరాయి బండి పిలుస్తాను. దీన్ని పట్టుకుపొమ్మని పాత సామాన్లవాడికి కబురు పెడతాను," అంది ఆమె.

ఆమె మాట కూడా గాజు మీద ఆమె గీసే గీత వంటిదే. ఒకసారి పడ్డాక అక్కడ విరగవలసిందే. ఈ బండి లేని ఇంటిని ఆయన ఊహించి చూశాడు. ఆ ఊహలో వాకిలి మరీ వెడల్పుగా కనిపించింది.

బావమరిది మెకానిక్. వచ్చి ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు, గాలి గొట్టాలు విప్పి ఊది చూశాడు. ఒక్కడే వీధి చివరిదాకా నడిపి వచ్చాడు. బండి నీళ్ళ మీద పడవలా సాగింది. తరవాత అక్కా బావా ఎక్కారు. వాకిలి దాటకముందే ఎక్కిళ్ళు.

"బండికి ఏ రోగమూ లేదు బావా. ఉంటే గింటే నీ కాలికే ఉండాలి."

ఆయన ఈ మాటను తేలిగ్గా తీసుకోలేదు. తప్పును బయట వెతికేముందు తనలో వెతుక్కోవాలన్నది ఆయన నియమం. చెప్పు విడిచి, పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి పరిచయమైన మనిషిని చూసినట్టు చూశాడు. ఉత్త కాలితో, ఒంటరిగా నడిపి చూశాడు. బండి ఒక్కసారైనా వెక్కలేదు.

బండి బాగుంది, కాలు బాగుంది. ఇక మిగిలినదాన్ని పైకి అనడానికి గుండెధైర్యం కావాలి.

"ఏమిటి, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు నిలబడ్డారు?" అంది ఆమె, దుకాణం గుమ్మంలో చేతి తొడుగులు విప్పుతూ.

"ఏం లేదు. పక్క సీట్లో ఎవరైనా ఉంటే..."

"ఎవరైనా అంటే?"

"అదే, బరువుంటే."

"నా బరువా?"

బావమరిది చప్పున బానెట్ కిందికి తల దూర్చాడు. ఆ క్షణంలో అంతకన్నా క్షేమమైన చోటు అతనికి కనిపించలేదు.

"పోనీ పరీక్ష పెడదాం అక్కా," అన్నాడు తల ఎత్తకుండానే.

గాజు పెంకులు నింపిన గోనెసంచీని తెచ్చి పక్క సీట్లో కూర్చోబెట్టారు. ఆయన వీధి చుట్టి వచ్చాడు. కుదుపు లేదు.

"చూశావా, పెంకుల మూట ఎంత బుద్ధిగా కూర్చుందో," అన్నాడు బావమరిది.

"దానితోనే కాపురం చేసుకోమను మీ బావని," అని ఆమె మూటను కిందికి లాగి, తానెక్కి కూర్చుంది. తమ్ముడు ఇద్దరి నడుమ ఇరుక్కున్నాడు.

ఆయన కాలు ఆనించాడు. బండి ఉరికింది. ఆమె కాలు చాపి నేలను గట్టిగా తొక్కింది. బండి వెక్కింది. ఆమె కాలు తీసింది, బండి ఉరికింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ వెక్కింది.

"అక్కా, ఏం తొక్కుతున్నావు?"

"బ్రేకు."

"నీ వైపు బ్రేకు లేదు కదే."

"నాకు తెలియదనుకున్నావా? వెనక అద్దం పెట్టుకుని ఈయన ఉరికిస్తుంటే ఎవరో ఒకరు తొక్కాలిగా. అలవాటైపోయింది."

తమ్ముడు బండి ఆపించి ఆమె కాళ్ళ కింది పట్టా ఎత్తాడు. ట్యాంకులోని పెట్రోలు పంపుకు కరెంటు తీసుకువెళ్ళే తీగ అక్కడ అతుకు పడి ఉంది. అతుకు చుట్టూ ఉన్నది కరెంటు పనికి వాడే నల్ల టేపు కాదు. అద్దాల అంచులకు చుట్టే కాగితపు టేపు. అది ఎండి, పెళుసెక్కి, ఊడిపోయింది. ఆమె తొక్కినప్పుడల్లా తీగ విడిపోయి, పంపు ఆగి, ఇంజన్‌కు నోటి దాకా వచ్చిన ముద్ద అందకుండా పోతోంది.

"ఎవరిదీ ఘనకార్యం?"

అద్దాలాయన దగ్గాడు. "ఎలుక కొరికితే నేనే అతికాను. చేతికి ఆ టేపే తగిలింది."

"అయితే టేపు మీది, కాలు నాది," అంది ఆమె. "అంటే ఇన్నాళ్ళూ నా బ్రేకు నిజంగానే పనిచేసిందన్నమాట."

అద్దం పగిలింది దాన్ని కాపాడబోయిన కాలివల్లనే. అయినా ఆ గొంతులో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. తమ్ముడు తీగను గట్టిగా అతికి, నల్ల టేపు చుట్టి, ఎవరి కాలికీ అందని మూలకు జరిపాడు.

మర్నాడు గోడంత అద్దం దుప్పట్లు కప్పుకుని వెనక నిలబడింది. బండి సాఫీగా సాగింది. మలుపు దాటి ఆయన వేగం పెంచగానే ఆమె తొక్కింది. ఏమీ జరగలేదు. మళ్ళీ తొక్కింది. తరవాత తన కాలి వంక చూసుకుంది, ఉన్న ఉద్యోగం ఊడిన మనిషిలా. ఒక చేత్తో తలుపును పట్టుకుంది.

"కుదుపు పోయినా ఈమెకు నమ్మకం కుదరలేదు. పాత సామాన్లవాడు ఇంకా మన వాకిట్లోనే తిరుగుతున్నట్టున్నాడు," అనుకున్నాడు ఆయన.

ఈసారి ఆమె తొక్కడం కంటి కొసన కనబడింది. ఆయన ఆక్సిలరేటర్ మీదున్న తన కాలిని రవ్వంత తేల్చాడు. బండి నెమ్మదించింది.

ఆమె చెయ్యి తలుపును వదిలింది. వీపు సీటుకు ఆనింది.

"ఇప్పుడు చెప్పిన మాట వింటోంది," అంది. "ఉండనివ్వండి దీన్ని."

ఆయన దారి మీదనుంచి చూపు తిప్పలేదు.