ఏడు కుట్లు

కెమెరా ముందు నేను తృప్తి మేడంకి అక్కను. కెమెరా ఆగితే ఝాన్సీని. ఈ తేడా నాకు మొదటి రోజే తెలిసింది, తెలిసీ పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి?

శామీర్‌పేట రోడ్డు మీద విల్లాల లేఅవుట్‌లో మూడిళ్లలో వంట చేస్తాను. అందులో పెద్ద ఇల్లు తృప్తి మేడంది. ఆమె మామగారి పొలాల్లోనే ఆ విల్లాలన్నీ లేచాయి. భర్త శ్రీకాంత్ సార్ ప్లాట్ల వ్యాపారం చేస్తూ, వచ్చే ఎన్నికల్లో మున్సిపల్ వార్డుకు నిలబడాలని చూస్తున్నాడు. వాళ్లకు రెండు రాట్‌వీలర్ కుక్కలు. నాకు ఒకటి.

వంటమనిషికి రాట్‌వీలర్ ఏమిటని దూలపల్లిలో మా గల్లీ అంతా నవ్వింది. నేను కొన్నది కాదు. నాలుగేళ్ల కిందట నేను పనిచేసిన ఇంకో విల్లావాళ్లు బెంగళూరు వెళ్లిపోతూ సోఫాలు, ఫ్రిజ్జు, చివరికి పూలకుండీలు కూడా లారీకి ఎక్కించారు. కుక్కను మాత్రం గేటుకు కట్టేసి వదిలేశారు. మూడు రోజులు చూసి నేనే విప్పుకొచ్చాను. వాళ్లు పెట్టిన పేరు మాక్సిమస్. ఆ పేరుకు నా నోరు తిరగలేదు. నల్లగా, బుగ్గల మీద గోధుమరంగుతో, అప్పుడే పాకంలోంచి తీసినట్టు నిగనిగలాడేది. జామూన్ అని పిలిచాను. వెంటనే పలికింది.

జూన్‌లో మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. ప్రమాదకరమైన జాతులని పద్నాలుగు రకాల కుక్కల పేర్లు రాశారు. ఇళ్లలో ఉంచుకోకూడదు, నెల రోజుల్లో అప్పగించాలి. ఎక్కడో ఒక ముసలాయనను కుక్క కరిచి చంపినంత పని చేసిందట. అది ఏ జాతిదో చెప్పేవాడు లేడు, జాబితా మాత్రం తయారైంది. అప్పగించాక ఏం చేస్తారని ఆఫీసు గేటు దగ్గర అటెండర్ని అడిగాను. "పదిహేను రోజులు సూస్తరమ్మా. వేరే ఊరోళ్లు ఎవరన్న తీస్కపోతె సరే. లేకుంటె సూదేసి సంపుతరు" అన్నాడు. తొమ్మిదేళ్ల ముసలి కుక్కను ఎవరు తీసుకుపోతారు? ఆ పూట నా వంటలన్నిట్లోనూ ఉప్పు ఎక్కువైంది.

"మా కుక్కల వీడియో పెడితె అందరు తిడుతరు ఝాన్సీ. పైసలున్నోళ్ల షోకు అంటరు. నువ్వు ముంగట నిలబడు, నీ మాట ఇంటరు" అంది మేడం.

నిలబడ్డాను. "జామూన్ ఏం తప్పు చేసింది?" అని ఇన్‌స్టాలో పేజీ పెట్టింది. నేను జొన్నరొట్టె తుంచి పెడుతుంటే జామూన్ నా ఒడిలో తల పెట్టుకున్న వీడియోను మూడు రోజుల్లో ఆరు లక్షల మంది చూశారు. మేడ్చల్ బస్టాండులో ముక్కూమొహం తెలియని ఆడపిల్లలు "జామూన్ మమ్మీ" అంటూ వచ్చి సెల్ఫీలు దిగారు. టీవీవాళ్లు మా రేకుల ఇంటికి వచ్చి గడప మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ప్రతి వీడియోలోనూ మేడం నా భుజం మీద చెయ్యి వేసి "మా ఝాన్సీ అక్క" అనేది. మా అమ్మ పోయాక నన్ను అట్లా ఆనుకుని నిలబడ్డవాళ్లు లేరు. నాకు సంతోషంగా ఉండేది, ఉన్నమాట చెప్పడానికి సిగ్గెందుకు?

మా ఆయన ఎడ్వర్డ్ కూడా ఒక వీడియోలో ఉన్నాడు. తాగుడు మానేశాక రెండేళ్లుగా రోజూ పొద్దున్నే జామూన్‌ను తిప్పుకొచ్చేది ఆయనే. మా అమ్మాయి కెజియా అల్వాల్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఆ వీడియో చూసి "డాడీ నాకంటె దాన్నే మంచిగ సూస్తుండు" అని ఫోన్లో అలిగింది.

పేజీకి అంత పేరొచ్చేసరికి మున్సిపాలిటీ కొంచెం దిగొచ్చింది. గడువు ఆపింది. జాబితాకెక్కిన ఇరవై ఏడు కుక్కల వాళ్ల మాట వింటామని విచారణకు తేదీ ఇచ్చింది.

ఆ ముందు ఆదివారం మా చర్చిలో నేను సాక్ష్యం చెప్పాను. మాలో సాక్ష్యమంటే కోర్టు వ్యవహారం కాదు. దేవుడు మన ఇంట్లో చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పడం. దానికో పద్ధతుంది. ఎవరూ నేర్పరు, చిన్నప్పటి నుంచి వింటూ ఉంటే వస్తుంది. ముందు చీకటి చెప్పాలి, తర్వాత వెలుగు. చీకటి ఎంత చిక్కగా కలిపితే వెలుగు అంత బాగా కనిపిస్తుంది. జ్వరమొచ్చినవాడు చచ్చి బతికానంటాడు. ఒక సిగరెట్ కాల్చినవాడు పెట్టెలు పెట్టెలు కాల్చానంటాడు. అందరికీ తెలుసు, అందరూ స్తోత్రం అంటారు. నేనూ అదే చేశాను.

"రెండేండ్ల కింద మా ఆయన ఫుల్లు తాగి ఇంటికొచ్చిండు. మా కుక్క సైతాను లెక్క ఆయన మీద పడ్డది. చెయ్యి చీరింది. ఇల్లంత నెత్తురు. ఏడు కుట్లు పడ్డయి. ఆ దినం సంది మా ఆయన సుక్క ముట్టలే. దేవుడు కుక్కతోని గూడ బుద్ధి జెప్పిస్తడు!" అన్నాను. చప్పట్లు మోగాయి.

నిజానికి పడ్డవి రెండు పళ్ల గాట్లు. గవర్నమెంటు దవాఖానలో ఇంజెక్షన్లు వేశారు, అంతే. కుట్లు లేవు. చర్చిలో చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం ఎడ్వర్డ్ చేతిలో చపాతీ కర్ర ఉంది. అది నా నెత్తి మీదికి లేచింది. జామూన్ పట్టుకున్నది ఆ చేతినే. కర్ర కింద పడగానే వదిలేసి పక్కకు పోయి కూర్చుంది. మొగుడి పరువు సంఘంలో ఎందుకు తీయాలని ఆ ముక్క మింగాను. మింగడం నాకు అలవాటే.

ఆ రోజు తృప్తి మేడం నా కోసం చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. బయటికొచ్చాక "ఏడు కుట్లు వడ్డయా ఝాన్సీ?" అని గాబరాగా అడిగింది. ఆమెకు మా చర్చి మాట తీరు తెలియదు కదా, అందుకని అంతా విప్పి చెప్పాను. చపాతీ కర్ర సంగతి కూడా చెప్పాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన కొడతాడన్న మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. మేడం నా చెయ్యి నొక్కి "నాతోనె ఉంటది" అంది.

విచారణ మంగళవారం పదకొండింటికి, మున్సిపాలిటీ ఆఫీసు మీది హాల్లో. మేడం తెమ్మంటే వెంట తెచ్చిన జామూన్‌ను కింద రేకుల షెడ్డు నీడన కట్టి, ఎడ్వర్డ్‌తో కలిసి పైకెళ్లాను. అధికారి పేరు పరమేష్. మంచివాడిలాగే ఉన్నాడు, నన్ను కూడా కుర్చీలో కూర్చోమన్నాడు. శ్రీకాంత్ సార్ లేచి ఒక కాగితం చదివాడు. కుక్కలున్నవాళ్లందరూ రిజిస్టర్ చేయించుకుంటారు, బయటికి తీస్తే మూతికి తొడుగు వేస్తారు. ఇంతకు ముందు మనిషిని కరిచిన కుక్క ఉంటే వాళ్లే తెచ్చి అప్పగిస్తారు.

"మేం బాధ్యత లేనోళ్లం కాదు సార్. మా దిక్కు తప్పుంటె మేమే సూపెడ్తం" అన్నాడు.

నేను కూడా తల ఊపాను. అట్లాంటి కుక్క ఎవరిదో అనుకున్నాను.

అప్పుడాయన తన ఫోన్ అధికారి ముందు పెట్టాడు. అందులోంచి నా గొంతే వచ్చింది. సైతాను లెక్క మీద పడ్డది, చెయ్యి చీరింది, ఏడు కుట్లు పడ్డయి. అక్కడికి ఆగిపోయింది. మా చర్చివాళ్లు యూట్యూబ్‌లో పెట్టే వీడియో పక్క గోడ నుంచి తీస్తారు. ఇది ముందు వరసలో కూర్చుని తీసింది.

మేడం వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మేడం, కుట్లు వడలేదని మీకు జెప్పిన గదా. అంత జెప్పిన గదా" అన్నాను.

"ఒక్కటిస్తె ఇరవయ్యారు బతుకుతయి ఝాన్సీ" అంది మెల్లగా. "వీళ్లు ఒక్కటన్న అప్పజెప్పుమంటున్నరు. నీది ఎట్లాగు ముసల్దైంది."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! హాల్లో కెమెరా లేదు, అక్క కూడా లేదు. నా జామూన్ మొహం చూపించి ఆరు లక్షల మందిని పోగు చేసి, ఆ జనాన్ని చూపించి తన రెండు కుక్కలనూ కాపాడుకుంది.

అయినా నాకింకా ధైర్యం ఉంది. కరిపించుకున్న మనిషి నా పక్కనే కూర్చున్నాడు.

"మా ఆయన్నే అడుగుండ్రి సార్" అన్నాను.

ఎడ్వర్డ్ లేచాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. నెల కిందటే శ్రీకాంత్ సార్ తూంకుంటలో తన వెంచర్‌కు ఆయనను సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నాడు. చర్చిలో సంఘపెద్దగా కూడా ఆయన పేరు అనుకుంటున్నారు.

"కుక్క మిమ్మల్ని కరిసిందా?" అని అడిగాడు అధికారి.

"కరిసింది సార్."

"ఎందుకు కరిసింది?"

ఎడ్వర్డ్ నా వైపు చూడలేదు. కుడిచేతి మీది రెండు మచ్చలనూ ఎడమచేత్తో కప్పుకున్నాడు.

"ఊకెనే సార్. ఉత్తగనె మీద పడ్డది."

"కుట్లు వడ్డయా?"

"మా ఆమె జెప్పింది గద సార్."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది నా కాపురం. తోడుకుంటూ పోతే చేతికి తాలు తప్ప ఏమీ తగల్లేదు.

"కెజియా డాడీ, దేవునికి భయపడి జెప్పు. నీ చేతుల కర్ర లేకుండెనా? నన్ను కొట్ట రాలేదా నువ్వు?" అని అరిచాను.

ఆయన కూర్చుని చొక్కా గుండీ సర్దుకున్నాడు.

అధికారి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, చర్చిల జెప్పింది అబద్ధమా, గిక్కడ జెప్పేది అబద్ధమా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చర్చిలో అబద్ధమాడానంటే రేపు ఆదివారం ఏ మొహంతో వెళ్లను? అయినా జామూన్ కోసం చెప్పాను. "చర్చిల జెప్పిందే అబద్ధం సార్."

"దేవుని ముంగటనె అబద్ధమాడితె, గిక్కడ నీ మాట నేనెట్ల రాసుకోవాలమ్మా?" అన్నాడు. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగాడు. జామూన్‌ను అప్పగిస్తున్నట్టు కాగితం మీద నా సంతకం కూడా అడిగారు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను.

మెట్లు దిగేసరికి షెడ్డు పక్కన వ్యాన్ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు పొడుగాటి కర్రకు ఉచ్చు కట్టి పట్టుకుని దూరంగా నిలబడ్డారు, దగ్గరికి రావాలంటే భయం. జామూన్ నన్ను చూసి ఒళ్లంతా ఊపింది. వెనకే మేడం ఫోన్ పైకి పట్టుకుని మెట్ల మీదికి వచ్చింది.

"అక్కా, నువ్వే ఎక్కియ్యి. నువ్వు జెప్తె ఇంటది" అంది.

అక్కా అట! చెప్పు తీసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. నేను పక్కకు తప్పుకుంటే వాళ్లు ఉచ్చు బిగిస్తారు. అది పెనుగులాడుతుంది, కర్రలతో కొడతారు. ఆ వీడియో పెట్టి, చూశారా ఎంత ప్రమాదమో అంటారు. గొలుసు విప్పి వ్యాన్ దగ్గరికి నడిపించాను. లోపల ఇనుప జాలీ, ఫినాయిల్ వాసన. జామూన్ తలుపు దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

"ఎక్కు బిడ్డా" అన్నాను. ఎక్కింది.

"కూసో. జల్దీ వస్త."

నమ్మి కూర్చుంది.