పుట తిప్పే వేలు

సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. బొగ్గు గనులు ఆగాయి, బస్సులూ ఆగాయి. మామూలుగానైతే సుసన్నా ఈపాటికి పెనిమిటి మత్తయిని కరీంనగర్ తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించేది.

రెండేళ్ల కింద మత్తయి గుండెకు లోహపు వాల్వు వేశారు. అప్పటినుంచి రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే వాల్వు దగ్గర గడ్డకడుతుంది. పోయిన వారం చిగుళ్ల నుంచి రక్తం వస్తే డాక్టరు మాత్రను సగం చేశాడు. ఈ సాయంత్రంలోగా పరీక్ష చేసి అంకె ఫోనులో చెప్పమన్నాడు. అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి.

హైదరాబాదులో నర్సుగా చేస్తున్న కూతురు సుజిత వేసవిలో కొనిచ్చిన, వేలి చుక్కతో ఆ పరీక్ష చేసే మిషను ఇంట్లో ఉంది. అందులో పెట్టే పట్టీలు మాత్రం రెండే మిగిలాయి. పట్టీ పెట్టాక మూడు నిమిషాల్లో రక్తపు చుక్క పడకపోతే అది వృథా.

సుసన్నా పట్టీ పెట్టి ఆయన చూపుడు వేలికి సూది గుచ్చింది. రక్తం రాలేదు. నడిమి వేలికి గుచ్చింది, పిసికింది. రాలేదు. మిషను కూతపెట్టి ఆగిపోయింది. మాత్ర తగ్గించినందుకు ఒంట్లో రక్తమే బిగుసుకుపోయిందని అనుకుంది ఆమె.

"నెత్తురు గడ్డకట్టిందయ్యా."

"గడ్డకడితే నీతోని గిట్ల ఎట్ల మాట్లాడుత? నీకు గుచ్చుడు రాక నా నెత్తురును అంటున్నవ్."

సుజితకు ఫోను చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నట్టుంది. మత్తయి బైబిలు ఒళ్లో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు పారపట్టి బొగ్గెత్తిన వేళ్లు ఆయనవి. వేలికొనల గరుకుకు పలచటి కాగితం చిరుగుతుందని ఎప్పుడూ ఉంగరపు వేలి పక్కతోనే పుట తిప్పుతాడు. రోజూ చూసేదే. ఈసారి సుసన్నా చూపు ఆ వేలి మీదే ఆగింది.

"ఆగు. ఆ ఏలు ఇటియ్యి."

"సదువుకోనియ్యవా?"

ఆయన చెయ్యిని గోరువెచ్చని నీళ్లలో ఉంచి, తుడిచి, కాసేపు మంచం కిందికి వేలాడనిచ్చింది. చివరి పట్టీ పెట్టింది. ఉంగరపు వేలి పక్కన, మెత్తని చోట గుచ్చింది. ఎర్రటి చుక్క పొంగింది. దాన్ని పట్టీకి ఆనించి మిషను వంక చూసింది.

రెండు పాయింటు ఏడు.

అదే సగం మాత్ర వేస్తూ ఉండమన్నాడు డాక్టరు. ఫోను పెట్టేశాక సుసన్నా మంచం అంచున కూలబడింది.

వేలికి దూది అదుముకుని మత్తయి పుస్తకం వంక చూశాడు.

"ఉన్న ఒక్క ఏలు నువ్వే తీస్కుంటివి. ఇగ పేజీ నువ్వే తిప్పాలె."

సుసన్నా పక్కకు జరిగి కూర్చుంది. ఆయన తలూపినప్పుడల్లా ఒక పుట తిప్పింది.