రెండుసార్లు పాడే పాదం

ఆ సోమవారం పొద్దున పెరట్లో ఇనుప కాగు కింద మంట ఎగదోసి, తెల్ల దొరసాని ఇంటి దుప్పట్లు కర్రతో కలియబెడుతుంటే నా నోటికి ఆ పాట వచ్చింది.

"ఆపవే ఆ ఏడుపు. నిన్న చర్చిలో దేవుణ్ణి పాడిన నోటితో ఇవాళ దెయ్యం పాటలా?" అంది మా అత్త హెట్టీ, వరండాలో కూర్చుని మొక్కజొన్న రొట్టె నములుతూ.

అది మా అమ్మ పాట. మిసిసిపీ పత్తి చేలలో నడుం ఎత్తకుండా పాడేది. ఇంటికొచ్చాక చీపురుకు చుట్టిన తీగ విప్పి, గోడకు రెండు మేకులు కొట్టి బిగించి, ఖాళీ సీసాతో దాని మీద రుద్దుతూ మోగించేది. చీపురు పాడైందని నాన్న తిట్టేవాడు. నాకు మాత్రం ఇల్లంతా మోగుతున్నట్టుండేది. ఆ మోత తలుచుకుంటే ఇప్పటికీ అమ్మ గౌనుకు అంటిన పత్తి దుమ్ము వాసన వస్తుంది, ఏడుపూ వస్తుంది. మనసులో దిగులునూ, ఆ దిగులును పాడే పాటనూ మావాళ్లు బ్లూస్ అనే అంటారు. "దిగులును పొమ్మంటే పోదే. కూర్చోబెట్టి దాని సంగతే దానికి పాడి వినిపించు, అదే లేచి పోతుంది" అనేది అమ్మ. ఈ పాటల్లో మొదటి పాదం రెండుసార్లు పాడతావెందుకని ఒకసారి అడిగాను. "ఒక్కసారి చెబితే ఆడదాని మాట ఎవడు వింటాడే? రెండోసారికి తల తిప్పుతాడు. అసలు సంగతి మూడో పాదంలో చెప్పు" అంది.

నా మొగుడు క్లియోఫస్ శనివారాలు మావాళ్లు తాగి చిందులేసే పాకలో గిటారు వాయించేవాడు. అంతకు ముందు శనివారం మెంఫిస్ పట్నం నుంచి పాటల రికార్డుల కంపెనీ మనిషి అక్కడికి వచ్చి, అమ్మ పాట అతని నోట విని, ఎవరు కట్టారని అడిగాడు. "నేనే, దారిలో నడుస్తుంటే తట్టింది" అన్నాడు క్లియోఫస్. నేనక్కడే చేపలు వేయిస్తున్నాను. గురువారం పట్నంలో కుర్చీలూ బల్లలూ అమ్మే కొట్టు వెనక గదిలో పాట రికార్డు చేసే యంత్రం పెడతారట, అక్కడికొచ్చి పాడమన్నారు.

అత్త లోపలికి వెళ్లాక క్లియోఫస్ గిటారు పట్టుకుని కాగు దగ్గరికొచ్చాడు.

"ఓజెల్లా, ఆ మూడో పాదం ఏమిటే? నాకెప్పుడూ గుర్తుండదు, ఏదో ఒకటి అనేస్తుంటా."

"అది మా అమ్మ పాట అని ఆ కంపెనీ మనిషికి చెప్పావా?"

"ఆడాళ్ల గొణుగుడికి పేరొకటా? చెప్పవే. నీకు కొత్త చీపురు కొనిపెడతాలే."

ఇంతకాలం ఎన్నో మింగాను. చీపురు మాట మాత్రం గొంతు దిగలేదు. కర్ర కాగులో వదిలేసి చేతులు గౌనుకు తుడుచుకున్నాను.

"గురువారం నేనూ వస్తున్నా" అన్నాను.

అతను గిటారు తీగ బిగిస్తున్నాడు, వినలేదు.

"గురువారం నేనూ వస్తున్నా."

ఈసారి తల తిప్పాడు.

"పాడేది నేను" అన్నాను.