బలిసిన బీడు

మా ఆయన పేరయ్యకు బుర్ర లేదని నేనెప్పుడూ అనలేదు. కాకపోతే ఆ బుర్ర ఎప్పుడు ఊరుకోవాలో అప్పుడే పని చేస్తుంది. బీడు విషయంలో అదే జరిగింది.

చీమకుర్తి దాటాక రాళ్ళ క్వారీల వెనక ఉంటుంది ఆ బీడు. మాది కాదు, ఒంగోలులో ఉండే నాగేంద్రబాబు గారిది. ఎర్రనేల, గులకరాళ్ళు. పంటకు పనికిరాదని ఆయన వదిలేశాడు. అందులో మొలిచే సన్నగడ్డి మీదే మా అత్తగారి కాలం నుంచి మా గొర్రెలు బతికాయి. ఆ గడ్డికి ఎవరూ ఏమీ పెట్టనక్కర్లేదు. నాలుగు చినుకులు పడితే లేస్తుంది, ఎండ ముదిరితే వేరుతో సహా ఓపిక పట్టి కూర్చుంటుంది.

ఎండాకాలంలో మిరప రైతులు మమ్మల్ని పిలిచేవారు. రాత్రిళ్ళు చేలో మంద కడితే గొర్రెల పెంట, ఉచ్చ నేలకు బలం. ఖాజావలి గారైతే ముందే చెప్పి పెట్టేవారు, మందకట్టినన్నాళ్ళూ అన్నం వాళ్ళింటి నుంచే వచ్చేది. తర్వాత అందరికీ యూరియా బస్తాలు అలవాటయ్యాయి. ఆ ఏడు ఒక్కరూ పిలవలేదు.

"పిలవకపోతే పోయార్లేవే. ఇన్నాళ్ళూ పెంటంతా పరాయోళ్ళ చేలకి పోశాం. ఈసారి మన బీడులోనే మంద కడదాం. మిరపే అంత ఏపుగా వచ్చుద్ది, గడ్డి రాదా ఏంది?" అన్నాడు మా ఆయన.

నాకూ సబబే అనిపించింది. వేసవంతా చోటు మార్చి మార్చి కట్టాడు. తొలకరి పడింది. అబ్బో, ఏం పచ్చదనం! గొర్రెల వీపులు కనపడనంతగా లేచింది.

"చూశావటే గురవమ్మా!"

"చూశాలే మావా, ఇక నిన్ను యూనివర్సిటీకి తీసుకుపోతారు" అని నవ్వాను.

ఆ నవ్వు నెల రోజులు నిలవలేదు. గడ్డి మధ్యలో వయ్యారిభామ కలుపు లేచింది, ముళ్ళతోటకూర లేచింది. పెంట బలమంతా అవే తిని మనిషి నడుం దాకా పెరిగాయి. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేసింది. నేలలో ఉన్న కాస్త తడీ ఆ ముదనష్టపు మొక్కలే తాగేశాయి. సన్నగడ్డి ఆకలికి అలవాటుపడిన ప్రాణం. మేం దానికి పెట్టిన కూడు పక్కవాళ్ళు తిని, దాని వంతు నీళ్ళు కూడా తాగి, పైగా ఎండ తగలకుండా నెత్తిన నిలబడ్డారు. అది పోయింది.

పీకాను. చేతులు దద్దుర్లు లేచినా పీకాను. పీకిన చోట కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. గడ్డి దుబ్బు లాగితే వేరు పుల్లలా చేతిలోకి వచ్చింది. మరుసటేడు వానకి వయ్యారిభామ తప్ప ఇంకేమీ మొలవలేదు. గొర్రెలు వాసన చూసి మూతి తిప్పుకునేవి. గ్రానైట్ లారీల రోడ్డు పక్కన దుమ్ము పట్టిన ఆకులు మేపాం. గొర్రెపిల్లలు పాలు లేక చచ్చాయి. తల్లులను ఒక్కొక్కటే సంతకు తోలాం. ఏడ్చాను, తిట్టాను.

మొన్న నాగేంద్రబాబు గారు కారులో వచ్చారు, వెంట ఖాజావలి గారు. ఖాజావలి గారు పిడికెడు మట్టి తీసి నలిపారు.

"బస్తాలు పోసీ పోసీ నా చేను చచ్చిందండీ. ఇది చూడండి, ఎంత బలమో! కౌలుకి నేనే తీసుకుంటా. బోరేసి డ్రిప్పు పెడితే మిరప విరగకాస్తది" అన్నారు. తర్వాత మా ఆయన భుజం తట్టారు. "అంతా నీ మంద చలవే పేరయ్యా. దున్నే ముందు ఇంకో నాలుగు రాత్రులు కట్టు."

"అట్టాగేనండి" అన్నాడు మా ఆయన.

కారు కదిలేదాకా ఆగి మీద పడ్డాను. "ఏం మనిషివయ్యా నువ్వు? బీడు పోయింది. మిగిలిన నాలుగు బక్క గొర్రెల్ని రేపట్నించి ఎక్కడ మేపుతావు? అట్టాగే అంట, అట్టాగే!"

మా ఆయన తలెత్తలేదు. "ఆ నాలుగు రాత్రులూ వాళ్ళింటి నుంచి అన్నం వచ్చుద్ది కదే" అన్నాడు.